మెకాంగ్ ఒడ్డున వాలుగ దవడ

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని సామెత. థాయిలాండ్‌లో ఏడాది కాపురానికి నేను వేసుకున్న పథకం సరిగ్గా అలాంటిదే. ఊరు చూడలేదు, ఇల్లు చూడలేదు, మా అత్త ఇంకా ఊఁ అనలేదు. కానీ ఆ ఊళ్ళో ఏ కిటికీ పక్కన కుర్చీ వేసుకుని సాయంత్రం టీ తాగాలో నేను అప్పటికే నిర్ణయించేసుకున్నాను. వీధి వీధంతా చెప్పేశాను. చివరికి పొందూరు స్టేషన్లో టీ అమ్మే అతను కూడా, "టీచరమ్మా, ఆ దేశంలో మన టీ దొరుకుతాదేటండి?" అని అడిగాడు. దొరక్కపోతే నువ్వూ వచ్చెయ్యి అన్నాను. నా సంబరం అలా ఉంది మరి.

సంగతేమిటంటే, నేను చీపురుపల్లిలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతాను. పొద్దున పొందూరులో రైలెక్కడం, సాయంత్రం చీపురుపల్లిలో రైలెక్కడం, మధ్యలో పిల్లల చేత వ్యాకరణం వల్లె వేయించడం. ఇలా బతుకు గడిచిపోతుండగా థాయిలాండ్ ఉత్తరపు కొసన, లావోస్ సరిహద్దులో ఉన్న చియాంగ్ ఖోంగ్ అనే చిన్న ఊరి బడివాళ్ళు ఏడాది పాటు చదువు చెప్పేందుకు మనిషి కావాలన్నారు. ఫోన్లో నాతో మాట్లాడారు, నచ్చాను, మే నెలలో వచ్చి చేరమన్నారు. మా ఆయన ఓడల్లో ఉద్యోగం, నేల మీద కన్నా నీళ్ళ మీద ఎక్కువ ఉంటాడు. అమ్మాయి విశాఖలో హాస్టల్లో చదువుకుంటోంది. ఇంట్లో మిగిలేది నేనూ, మా అత్త అప్పలనర్సమ్మా. ఆవిణ్ణి ఒక్కర్తినీ వదిలి ఏడాది వెళ్ళడం నావల్ల కాదు. ఆవిడ వస్తే వెళ్తాను, రాకపోతే లేదు.

ఆవిడేమో పొందూరు సన్న ఖద్దరుకి నూలు వడికే మనిషి. మా ఊరి నూలు సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. గింజతో ఉన్న పత్తిని మేము ముందుగా చేప దవడతో దువ్వుతాం. అవును, చేప దవడే. వాలుగ చేప కింది దవడకి సూదుల్లాంటి సన్నని పళ్ళు వరసగా ఉంటాయి. ఏ ఇనుప దువ్వెనా అంత మెత్తగా చెత్త తీయలేదు. ఆ దవడలు గోదావరి వైపు నుంచి ఎండినవి వస్తాయి, మేము కొనుక్కుంటాం. మా అత్త చేతిలో ఉండే దవడ ఆవిడ అరచేతి చెమటకి నున్నబడి తేనెరంగుకి తిరిగిపోయింది. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే ఇల్లు ఎగిరిపోతుంది.

నేను థాయిలాండ్ మాటెత్తగానే అత్త రాట్నం ఆపకుండానే తేల్చేసింది. "నా సేతులకి అక్కడ పనుంటే వస్తాను. కాళ్ళు బారసాపుకుని టీవీ సూడ్డానికైతే రాను. ముందు సూపియ్యి నాకు, తర్వాత సెప్తాను."

అందుకని దసరా సెలవుల్లో ఇద్దరం ఊరు చూసి రావడానికి బయల్దేరాం. టికెట్లూ వీసాలూ ఏ ఏజెంటయినా చెబుతాడు, వాటి జోలికి నేను పోను. "సిరిమాను నాటికి తిరిగొచ్చెయ్యాల," అని మాత్రం అత్త గట్టిగా షరతు పెట్టింది. దసరా వెళ్ళగానే వచ్చే పైడితల్లమ్మ సంబరం మానేసి విదేశాలు తిరగడం ఆవిడ లెక్కలో లేదు.

విశాఖ విమానాశ్రయం

నేను సర్దిన పెట్టెలో చింతపండు, ఆవాలు, చోడిపిండి అంటే రాగిపిండి, మెంతులు, రెండు రకాల మందులు ఉన్నాయి. అత్త సర్దుకున్నది తన చీరలూ, పాత కళ్ళజోడు డబ్బా ఒకటీ. ఆ డబ్బాని చేతిసంచిలో పెట్టుకుంది. సంచి యంత్రంలోకి వెళ్ళగానే అక్కడ కూర్చున్న కుర్రాడు మొహం ముందుకి పెట్టి, వెనక్కి తీసి, మళ్ళీ ముందుకి పెట్టాడు.

"అమ్మా, ఇందులో ఏముంది?"

"దువ్వెన బాబూ," అంది అత్త.

అతను డబ్బా తెరిచాడు. లోపల పాత చీరపేలికలో చుట్టిన వాలుగ దవడ పళ్ళన్నీ బయటపెట్టి అతని వంక చూసింది. అతను డబ్బా టక్కున మూసేశాడు.

"ఇదేం దువ్వెనమ్మా? ఎవరికి?"

"పత్తికి. ఏం, మీ ఇంట్లో ఎవలూ ఖద్దరు కట్టరేటి?"

నేను అడ్డొచ్చి పొందూరు పేరు చెప్పాను. అతను నవ్వేశాడు. మా తాతగారు ఆ పంచెలే కట్టేవారండి, దాని వెనక ఇంత భయంకరమైన సామాను ఉంటుందని తెలీదు అన్నాడు. పక్క వరసలో వాళ్ళు కూడా తొంగి చూశారు. అత్త డబ్బా తీసుకుని, కొంగుతో తుడిచి, పసిపిల్లని తీసుకున్నట్టు సంచిలో పడుకోబెట్టింది.

ఎర్ర బస్సు

బ్యాంకాక్ గురించి చాలామంది రాశారు, నేను రాయను. అక్కడ అత్త అన్నది మాత్రం ఒకటి రాయాలి. "ఇంతమంది ఒకేసారి ఎక్కడికి ఎల్తన్నారే? ఎవలి ఇంట్లో పెళ్ళి?" అంది, రైలు స్టేషన్ మెట్ల మీద జనాన్ని చూసి.

చియాంగ్ రాయ్ నుంచి మా ఊరికి, అప్పుడే మా ఊరు అనేస్తున్నాను చూడండి, ఎర్రరంగు పాత బస్సు పోతుంది. కిటికీలు తెరిచే ఉంటాయి, పైన చిన్న ఫంకాలు తిరుగుతుంటాయి, కాళ్ళ దగ్గర వెల్లుల్లి బస్తాలు. మన పాలకొండ బస్సుకీ దానికీ తేడా ఒక్కటే, ఎవరూ అరవరు. దారి పొడుగునా వరిచేలు. అత్త కిటికీ వదల్లేదు. "ఇది మన వరే. ఇది మన అరటే. ఇది మన బొప్పాయే. ఇంత డబ్బు పోసి ఏటి సూపిస్తన్నావే నాకు?" అంటూనే మెడ బయటపెట్టి చూస్తోంది.

నేను కాస్త ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషిని. దారిలో ఒకచోట బస్సు ఆగితే దిగి, ఉడికించిన వేరుశనగ పొట్లం కొనుక్కుని, ఉత్సాహంగా వచ్చి నా సీట్లో ధబీమని కూర్చున్నాను. కింద టప్‌మని చప్పుడయింది. సంచి కాళ్ళ దగ్గర పెడితే వెల్లుల్లి కంపు పడుతుందని అత్త కళ్ళజోడు డబ్బాని పైకి తీసి నా సీటు మీద పెట్టిందట. డబ్బా చపాతీ అయింది. పేలిక విప్పి చూస్తే దవడ మూడు ముక్కలు.

అత్త తిట్టి ఉంటే బాగుండేది. ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి చూసింది, మళ్ళీ పేలికలో చుట్టింది. కాసేపటికి నేనే, "ఇంట్లో ఇంకా దవడలున్నాయి కదా అత్తా, మేలో వచ్చినప్పుడు తెచ్చుకుందాం," అన్నాను.

"ఉన్నాయి. కొత్తవి. కొత్త దవడ సేతికి ఒద్దికవ్వాలంటే ఏడాది పడతాది," అంది. కిటికీ వైపు తిరిగిపోయింది. ఇక మన వరీ లేదు, మన అరటీ లేదు. నా కిటికీ, కుర్చీ, సాయంత్రపు టీ అన్నీ ఆ మూడు ముక్కలతోనే పోయాయని నాకు అర్థమైంది. వేరుశనగలు చేతిలో చల్లారిపోయాయి.

చియాంగ్ ఖోంగ్

ఆ ఊరిని ఒక్క వీధి ఊరు అనొచ్చు. వీధికి అటు కొట్లు, ఇటు కొట్లు, కొట్ల వెనక మెకాంగ్ నది. వానాకాలం చివర కాబట్టి ఎర్రగా, నిండుగా, తొందరగా పోతోంది. అవతల ఒడ్డున కనబడే ఇళ్ళు లావోస్‌వి. అక్కడ ఎవరో ఆరేసిన దుప్పటి రంగు కూడా ఇక్కణ్ణుంచి కనబడుతుంది.

"అది వేరే దేశమా? అంత దగ్గరా?" అంది అత్త. బస్సులో కిటికీ వైపు తిరిగిపోయాక అదే మొదటి మాట. "మనకి ఇచ్ఛాపురం దాటితే ఒరిస్సా వచ్చినట్టే ఉన్నాది గాని, మధ్యన నీళ్ళున్నాయి."

మేము దిగిన ఇంటావిడ పేరు నోయి. అందరూ 'పా నోయి' అంటారు. పా అంటే వాళ్ళ భాషలో పెద్దమ్మ. వరస కలిపి పిలవడం తెలిసిన దేశమైతే నాకు చాలు, అక్కడ బతికేయగలను అనుకున్నాను. ఆవిడ చేతులు జోడించి తల వంచింది, అత్త చేతులు జోడించి తల వంచింది. ఇద్దరూ గుమ్మం బయటే చెప్పులు విప్పారు. ఆవిడకి తెలుగు రాదు, అత్తకి థాయి రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. మధ్యలో నేనూ, నా ఫోనూ. ఫోను కన్నా వాళ్ళ చేతులే ఎక్కువ మాట్లాడాయి.

ఇంటి ముందు స్తంభం మీద బొమ్మరిల్లంత గుడి ఉంది. ఆ నేలని కాపాడే దేవతదట. రోజూ పూలు, అన్నం పెడతారు, ఎర్ర సోడా సీసా మూత తీసి పెడతారు. సీసాలో స్ట్రా కూడా వేస్తారు! అత్త చాలాసేపు చూసింది. "మన అమ్మవారికి సల్ది పెడతాం గాని, తాగడానికి గొట్టం పెట్టాలని మనకి తోచనేదు సూడు," అంది. ఆ మాటకి నేను నవ్వితే ఆవిడ కూడా పెదవి చివర నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

తిండి దగ్గర మళ్ళీ తగాదా వచ్చింది. అక్కడివాళ్ళ అన్నం బంకగా ఉంటుంది. చిన్న వెదురుబుట్టలో పెట్టిస్తారు, వేళ్ళతో ముద్ద చేసి కూరలో అద్దుకు తినాలి. అత్త ముద్ద చేసి, వేలికి అంటుకున్నదాన్ని రెండో చేత్తో తీసి, అది రెండో చేతికి అంటుకుని అవస్థ పడింది. "దీంతో కాయితాలు అంటించొచ్చే," అంది. వీధిలో నూడుల్స్ గిన్నె యాభై బాత్ అంటే రూపాయల్లో ఎంతని అడిగింది. నూటపాతిక దాటుతుందన్నాను. "నీళ్ళలో సేమియాకా!" అని నిలబడిపోయింది. పచ్చి బొప్పాయి తురిమి మిరపకాయ, నిమ్మరసం, చేపరసం వేసి రోట్లో దంచే పచ్చడి మాత్రం ఆవిణ్ణి గెలిచింది. రోలు చూసింది, రోకలి చూసింది, దంచే ఆవిణ్ణి పక్కకి జరగమని తనే రెండు దెబ్బలు వేసింది. కారం ముక్కులోంచి వస్తున్నా రెండోసారి వడ్డించుకుంది.

నేత ఊరు

మర్నాడు పా నోయి మమ్మల్ని నది పక్కన ఉన్న తన అక్కగారి ఊరికి తీసుకెళ్ళింది. అక్కడ ఇంటింటా మగ్గాలే. ఇళ్ళు కొయ్యస్తంభాల మీద ఉంటాయి, కింద నీడలో మగ్గం, పక్కన కోళ్ళు, ఊయలలో పిల్ల. అత్త నడక మారిపోయింది. మగ్గం దగ్గర వంగి దారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది. బుట్టలో పత్తి చూసి ఆగింది. తెల్లపత్తి పక్కన లేత ఇటుకరంగు పత్తి. రంగు వేసింది కాదు, కాయలోనే ఆ రంగుట.

"మన ఎర్రపత్తిలాటిదే వీళ్ళకీ ఉన్నాదే!" అంది అత్త నా చెయ్యి గిల్లి. నిజంగానే గిల్లింది, సాయంత్రానికి కమిలింది.

పా నోయి అక్కగారు పత్తి తీసి రెండు కొయ్యరోలర్ల మధ్య పెట్టి పిడి తిప్పింది. గింజలు ఇటు, దూది అటు. అత్త ఎదురుచూసింది. ఇంకేమీ జరగలేదు, ఆవిడ నేరుగా దూది ఏకడం మొదలుపెట్టింది. అత్త నా వైపు తిరిగింది.

"దువ్వరేటే?"

"దువ్వరేమో అత్తా. వీళ్ళ పద్ధతి అదేమో."

"తల దువ్వకుండా జడేసినట్టున్నాది," అంది. ఆవిడ చెయ్యి అలవాటుగా ఒళ్ళోకి పోయింది, దవడ కోసం. ఖాళీ చెయ్యి మళ్ళీ పైకొచ్చింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కావలసిన పత్తి ముందుంది, చేతిలో పనిముట్టు లేదు. నా బరువు మీద నాకే అసహ్యం వేసింది. పా నోయి అక్కగారు ఏం అర్థం చేసుకుందో గాని, గింజ తియ్యని ఎర్రపత్తి గుప్పెడు తీసి అత్త కొంగులో పోసింది. అత్త దాన్ని మూటగట్టి బొడ్లో దోపుకుంది.

పళ్ళ డాక్టరు

ఆ మర్నాడు నేను బడి చూడ్డానికి వెళ్ళాను. పిల్లలు వరసగా నిలబడి చేతులు జోడించి పాటలా పలకరించారు. నన్ను చూసి సిగ్గుపడే వరస, నవ్వాపుకునే వరస, వెనక నుంచి ముందువాణ్ణి గిల్లే వరస, అన్నీ చీపురుపల్లి పిల్లల్లాగే ఉన్నాయి. అక్కడే ఉండిపోవాలనిపించింది. ఆ రోజే రిజిస్టర్ పట్టుకుని హాజరు వేసేద్దును, ఎవరైనా ఇస్తే.

గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను. ఇంట్లో అత్త లేదు, పా నోయి లేదు. పక్క కొట్టతను నన్ను చూడగానే బాధగా మొహం పెట్టి, తన దవడ పట్టుకుని చూపించి, వీధి చివరికి వేలు చాపాడు. పరుగెత్తాను. వీధి చివర ఉన్నది పళ్ళ ఆస్పత్రి. లోపల వాలు కుర్చీలో మా అత్త, మెడకి నీలం కాగితం కట్టుకుని, నోరు బార్లా తెరుచుకుని పడుకుని ఉంది. పైన పెద్ద దీపం. పక్కన పా నోయి ఆవిడ చెయ్యి పట్టుకుని ధైర్యం చెబుతోంది.

జరిగిందిది. నేనలా వెళ్ళగానే అత్త పా నోయికి తన అవసరం చెప్పబోయింది. తన కింది దవడ తట్టింది, పళ్ళు చూపించింది, విరిగిపోయిందని రెండు చేతులతో పుల్ల విరిచినట్టు చూపించి ఏడుపు మొహం పెట్టింది. ఇంకో కొత్తది కావాలని వేలెత్తింది. ఇంత స్పష్టంగా చెప్పాక ఎవరైనా ఇంకేం చేస్తారు? పా నోయి మోటారు సైకిలుకి తగిలించిన తొట్టిలో ఆవిణ్ణి కూర్చోబెట్టి తీసుకొచ్చేసింది.

"మరి నువ్వెందుకు కూర్చున్నావత్తా?"

"ఈ పిల్ల సూపిస్తాదేమో అనుకున్నాను. డాక్టరు కదా, దవడలు దాసుకుంటారు కదా," అంది, కుర్చీలోంచి లేవకుండానే.

ఆ డాక్టరమ్మాయికి ఇంగ్లీషు వచ్చు. నేను ముక్కల పేలిక విప్పి, పత్తి సంగతి, వాలుగ సంగతి చెప్పాను. ఆ అమ్మాయి నవ్వుతూ నవ్వుతూ బల్ల మీద తలపెట్టేసింది. తర్వాత ముక్కల్ని దీపం కింద పెట్టి శ్రద్ధగా చూసింది. ఇలాంటి పళ్ళున్న చేపని మా నదిలో చూశాను, రేపు పొద్దున్నే చేపల రేవుకి వెళ్ళండి అంది. డబ్బులు తీసుకోలేదు. పైగా అప్పటికే మొదలుపెట్టిన పని సగంలో వదలకూడదని అత్త పళ్ళన్నీ శుభ్రం చేసి పంపింది. ఆ సాయంత్రం అంతా అత్త అద్దంలో నోరు తెరిచి చూసుకుంది. "ఆ పిల్ల సెయ్యి మంచిది. రాట్నానికి పనికొస్తాది," అంది.

చేపల రేవు

పొద్దున్నే నది మీద మంచు. ఒడ్డున పడవల దగ్గర గోనెలు పరిచి చేపలు పోశారు. కళింగపట్నం రేవులో ఉండే అరుపులు లేవు గాని వాసన మాత్రం అదే. సన్నవి, పొలుసులవి, మీసాలవి, బుట్టల్లో ఇంకా కొట్టుకుంటున్నవి. పా నోయి తనకి కావలసినవి చూసుకుంటోంది. అత్త ప్రతి చేప ముందూ కూర్చుని నోరు తెరిచి చూస్తోంది, చేప నోరు. అమ్మేవాళ్ళు ఆశ్చర్యంగా ఈవిణ్ణి చూస్తున్నారు.

చివర్లో గడ్డిటోపీ పెట్టుకున్న బొద్దు మనిషి ఒకడు అరటాకు మీద ఒక్కటే పెద్ద చేపని పెట్టుకుని ఉన్నాడు. పొలుసు లేదు, వెండిలా మెరిసే పొడుగాటి ఒళ్ళు, కత్తిరించినట్టు పెద్ద నోరు. అత్త గొంతుక్కూర్చుంది. కళ్ళు మూసుకుని బొటనవేలు ఆ నోట్లోకి పోనిచ్చి కింది పళ్ళ వెంట మెల్లగా రాసింది. ఒక కొస నుంచి ఇంకో కొసకి. ఆ మనిషి వద్దు వద్దని చేతులూపాడు. అత్తకి వినబడలేదు.

"ఓలమ్మ," అంది. "ఇదేనే. ఇదే."

"నిజమా అత్తా?"

"నా బుద్ధెరిగిన కాడ్నించి దీని దవడ పట్టుకుని బతికాను. దీని మొహం ఇప్పుడు సూస్తన్నాను." చేప నుదుటి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. "ఎంత పెద్ద తల్లివే నువ్వు," అంది దానితో. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. చేపలమ్మే మనిషికి మేమిద్దరం ఎందుకు ఏడుస్తున్నామో బోధపడక పా నోయిని అడిగాడు. ఆవిడకి మాత్రం ఏం తెలుసు?

అప్పుడు అత్త బొడ్లోంచి మూట తీసింది. ఎర్రపత్తి చిటికెడు తీసుకుని, చేప నోటి దగ్గర పెట్టి, పళ్ళ మీదుగా ఇలా లాగింది. తడిపళ్ళకి పత్తి సరిగ్గా సాగలేదు, నెత్తురు కూడా అంటింది. అయినా నాలుగు పోగులు విడిపోయి వరసగా పడుకున్నాయి. టోపీ మనిషి వంగి చూశాడు. ఇంకొంచెం పత్తి ఇమ్మని చెయ్యి చాపాడు. తనే లాగి చూశాడు. తర్వాత రేవంతా వినబడేలా అరిచి అందరినీ పిలిచాడు. మా చుట్టూ జనం మూగారు. ఒక్కొక్కరూ ఒక్కో చిటికెడు పత్తి ఆ పాపం చేప మీద దువ్వి చూసి, పకపకా నవ్వి, అత్త భుజం తట్టి వెళ్ళారు. మా అత్తని నేను పెళ్ళిళ్ళలో చూశాను, జాతరల్లో చూశాను, ఇంత వెలుగు ఆవిడ మొహంలో ఎప్పుడూ చూడలేదు.

అతను దవడకి కత్తి తగలకుండా జాగ్రత్తగా తల కోసిచ్చాడు. మధ్యాహ్నం పా నోయి వంటింట్లో ఆ తలలోని మాంసాన్ని అత్త మన చింతపండుతో పులుసు పెట్టింది. బంక అన్నంతో నంజుకుంటే ఎలా ఉందో చెప్పలేను. పా నోయి గిన్నె అడుగు గీకింది. అత్త ఆ బంక ముద్దని ఈసారి అవలీలగా చుట్టేసింది.

ఆరబెట్టే తంటా

దవడ వచ్చింది సరే, దాన్ని ఆరబెట్టడం ఎలా? మాకు ఎండినవే వస్తాయి కదా, ఆ విద్య పొందూరులో మాకెవరికీ తెలీదు. పక్కింటి సూరమ్మకి వీడియో కాల్ చేశాం. ఆవిడ వెనక వీధంతా చేరింది.

"ఉప్పెట్టండే!" అని ఒకావిడ.

"ఉప్పెడితే పళ్ళు రాలిపోతాయి, బూడిదెట్టండి!" అని ఇంకొకావిడ.

"ఒసే నర్సమ్మా, నీ పళ్ళేటే అలా మెరిసిపోతన్నాయి?" అని సూరమ్మ.

ఆఖరికి టోపీ మనిషినే అడిగాం. అతను సాయంత్రం వచ్చి దవడని కత్తితో గీకి, తీగకి కట్టి, వంటింటి చూరు కింద, పొగ తగిలీ తగలనట్టుండే చోట వేలాడదీశాడు. ఎప్పటికి ఆరుతుందని అడిగితే, వానలు వెళ్ళి చలి వచ్చి పోవాలన్నాడు. మేమేమో ఎల్లుండే బయల్దేరాలి.

నేను అత్త మొహం చూశాను. ఏమీ తెలియలేదు. మిగిలిన ఆ రోజున్నరా ఆవిడ చూరు కిందే పీట వేసుకుని కూర్చుంది. పా నోయి కూడా ఇంకో పీట తెచ్చుకుంది. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకున్నారు, తలలూపుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో ఈ రోజుకీ నాకు తెలీదు.

బయల్దేరేటప్పుడు ఎర్ర బస్సు దగ్గర అత్త పా నోయికి అప్పగింతలు పెట్టింది. పిల్లిలా మ్యావ్ అని అరిచి, రానివ్వొద్దని వేలు ఆడించింది. కాకిలా అరిచి, చీరకొంగుతో తోలి చూపించింది. పా నోయి ప్రతిదానికీ చెంప మీద చెయ్యి వేసుకుని, సరే సరే అన్నట్టు తలూపింది. బస్సు కదిలాక నేను ఆగలేక అడిగేశాను.

"అత్తా, మరి మేలో వస్తావా?"

"ముందు సిరిమాను సూడనీ," అంది.

పొందూరు

దారంతా మళ్ళీ అడగలేదు. విశాఖలో దిగాం, రైలెక్కాం, చీపురుపల్లి దాటింది, పొందూరు వచ్చింది. సిరిమాను ఊరేగింపు చూసి అమ్మవారికి దండం పెట్టుకుని వచ్చాం. నేను బడికి వెళ్ళి వస్తున్నాను. నా కిటికీ, నా కుర్చీ సంగతి ఎవరైనా అడిగితే మాట మార్చేస్తున్నాను. అత్త అటక మీంచి కొత్త దవడ ఒకటి దించుతుందేమో, పాత పద్ధతిలో పడిపోతుందేమో అని రోజూ ఓరకంట చూసేదాన్ని. దించలేదు. సూరమ్మ దగ్గర ఏదో పాతది అరువు తెచ్చుకుని పని నడిపించింది.

ఒక సాయంత్రం నేను పొయ్యి మీద పాలు పెట్టి గుమ్మం వెనక నిలబడ్డాను. అరుగు మీద అత్త రాట్నం తిప్పుతోంది. సూరమ్మ వచ్చి కూర్చుంది.

"ఏటే నర్సమ్మా, అంత దూరం ఎల్లావు, దవడ అక్కడే వదిలేసి వచ్చీసినావేటి? ఇంకొకటి కొనుక్కో."

"ఎందుకు? నాది అక్కడ ఆరతన్నాది," అంది అత్త. "ఎల్లి దించుకోవాల."

"దించుకుని వచ్చీస్తావేటి?"

"దించుకుని వచ్చీడానికి అదేమన్నా ఆరేసిన సీరా?" రాట్నం ఆగింది. "కొత్త దవడ కదే సూరమ్మా. సేతికి ఒద్దికవ్వాలంటే ఏడాది పడతాది."

నేను గుమ్మానికి ఆనుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. నవ్వో ఏడుపో నాకే తెలీలేదు. అత్త తల తిప్పకుండానే కేకేసింది.

"ఒసే, అక్కడ నిలబడి ఏటి సేస్తన్నావు? పాలు పొంగిపోతన్నాయి సూడు!"

"పొంగనీ అత్తా," అన్నాను. "కొత్తింటికి పాలు పొంగించొద్దేటి?"